టీకోజీ కుట్టారు, కుదరలేదా? తేడా ఎక్కడొచ్చిందో చూద్దాం

మన ఇళ్ళలో టీ గిన్నెలో మరిగి, జల్లెడలోంచి నేరుగా గ్లాసుల్లోకి దిగుతుంది. మిగిలితే ఫ్లాస్కులోకి. అందుకే ఇంగ్లండ్‌లో ఉండే మా అమ్మాయి పింగాణీ టీపాట్ తెచ్చి, దానికి అతుకుల గుడ్డతో టీకోజీ, అంటే టీ చల్లారకుండా టీపాట్ మీద వేసే దూది తొడుగు, కుట్టిపెట్టమన్నప్పుడు మా అత్తగారు నవ్వారు: "కెటిల్‌కి స్వెట్టరా?" బొంతలు కుట్టిన చేయి, ఇదెంత పని అనుకున్నాను. మొదటిది టీపాట్‌కి ఎక్కనే లేదు. రెండోది ఎక్కింది కానీ లోపలి లైనింగ్ లంగాలా కిందికి వేలాడింది. ఐదు కుట్టాక అర్థమైందేమిటంటే, ఈ పనిలో తప్పు కనబడే చోట ఒకటి, పుట్టే చోట ఇంకొకటి. మీది ఎక్కడ చెడిందో వెతుక్కుని అక్కణ్ణుంచి చదవండి.

టీపాట్‌కి ఎక్కడం లేదు

కొలత తప్పలేదు, కొలిచిన పద్ధతి తప్పింది. చాలామంది టీపాట్ పొట్ట చుట్టూ టేపు పెడతారు. పిడినీ, కొమ్మునీ కలుపుకుని చుట్టాలి. అలా 22 అంగుళాలు వచ్చిందనుకోండి. తొడుగుకి ముందొకటి వెనకొకటి రెండు ముక్కలు కనుక సగం 11. వదులుకి 1 అంగుళం, రెండు పక్కల కుట్లకి పావు చొప్పున అర, మొత్తం పన్నెండున్నర అంగుళాల వెడల్పు. ఎత్తు టేబుల్ నుంచి మూత బుడిపె దాకా కొలిచి అంగుళంన్నర కలపండి. గుడ్డ కోసే ముందు పాత టర్కీ టవల్‌ని ఆ కొలతకి రెండు ముక్కలు చేసి, పిన్నులు పెట్టి తొడిగి చూడండి. కాగితంతో చూస్తే మందం తెలియదు.

ఇంకో దొంగ ఉంది. దూది పెట్టి అడ్డంగా నిలువుగా కుట్లు వేశాక గుడ్డ దగ్గరికి లాక్కుంటుంది. కొలతకి సరిగ్గా కోసి ఆ తర్వాత కుట్లు వేస్తే, ఆ మేరకు చిన్నదైపోతుంది. అందుకని అతుకుల గుడ్డని అన్ని వైపులా అంగుళం ఎక్కువ ఉంచి, కుట్లన్నీ పూర్తయ్యాకే గోపురం ఆకారం గీసి కత్తిరించండి.

ఇప్పటికే కుట్టేశారా? పారెయ్యకండి. రెండు పక్కల కుట్లూ విప్పి, మధ్యలో అంగుళంన్నర పట్టీ చేర్చండి. లేదా పిడి, కొమ్ము వచ్చే చోట కుట్టు విప్పి, ఆ అంచులకి క్రాస్ పట్టీ (గుడ్డని ఐమూలగా కోసిన పట్టీ) తిప్పేయండి. టీ పోసేటప్పుడు తొడుగు తీసే పని కూడా తప్పుతుంది. నాకైతే ఇదే ఎక్కువ నచ్చింది.

గళ్ళ మూలలు కలవడం లేదు

ఒక్కో కుట్టులో నూలుపోగంత తేడా. ఒక్కదానిలో తెలియదు, ఆరు ముక్కలు కలిసేసరికి మూల బాగా పక్కకి పోతుంది. పరీక్ష ఇది: అంగుళంన్నర వెడల్పున్న మూడు పట్టీలు పావు అంగుళం మార్జిన్‌తో (కుట్టుకి బయట వదిలే అంచుతో) కలపండి. మధ్య పట్టీ సరిగ్గా 1 అంగుళం ఉండాలి. తక్కువుంటే మార్జిన్ ఎక్కువ తీసుకుంటున్నారు, ఎక్కువుంటే తక్కువ తీసుకుంటున్నారు. సూది నుంచి పావు అంగుళం దూరంలో మెషిన్ మీద ప్లాస్టర్ ముక్క అంటించి, గుడ్డ అంచుని దానికి ఆనించి కుట్టండి.

తర్వాత ఇస్త్రీ. మొదటి వరుస మార్జిన్లు కుడివైపుకి, రెండో వరుసవి ఎడమవైపుకి వంచితే, వరుసలు కలిపేటప్పుడు మూలలు ఒకదానిలో ఒకటి గుచ్చి కూర్చుంటాయి. వేలితో తడిమినా తెలుస్తుంది. ఇస్త్రీ పెట్టెని గుడ్డ మీద లాగకుండా ఎత్తి ఆనించాలి. లాగితే చదరపు ముక్క కాస్తా డైమండ్ అవుతుంది.

కుట్టాక అడుగు గుడ్డలో ముడతలు

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. మెషిన్ కింది పళ్ళు అడుగు పొరని ముందుకి లాగుతుంటాయి, పైన ఫుట్ (గుడ్డని నొక్కే పాదం) పై పొరని వెనక్కి నొక్కి పెడుతుంది. మధ్యలో దూది జారుతుంది. మూడు పొరలూ మూడు దారులు.

బొంత కుట్టేటప్పుడు మా అమ్మమ్మ పాత చీరల్ని నేలమీద పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, మధ్యలోంచి బయటికి టాకాలు వేసుకుంటూ వచ్చేది. ఇక్కడా అంతే. అడుగు గుడ్డని టేబుల్ మీద బిగుతుగా, కానీ సాగదీయకుండా టేపుతో అంటించండి. పైన దూది షీట్, దాని పైన అతుకుల గుడ్డ. మధ్యలోంచి మొదలుపెట్టి బెత్తెడుకొక పిన్నీసు. కుట్టు పొడవు పెంచండి, అంగుళానికి 8 కుట్లు చాలు. మీ మెషిన్‌లో ఫుట్ ఒత్తిడి తగ్గించే మర ఉంటే కొంచెం వదులు చేయండి. మొదటి గీత మధ్యలో వేసి అక్కణ్ణుంచి పక్కలకి వెళ్ళండి, అన్ని గీతలూ ఒకే దిక్కులో. ఒకటి పైకీ ఒకటి కిందికీ కుడితే గళ్ళు మెలితిరుగుతాయి.

ఖర్చు తగ్గుతుందని అడుగు గుడ్డ మానేసి దూది మీదే కుట్టకండి. పళ్ళలో దూది ఇరుక్కుంటుంది. పాత పంచె ముక్క చాలు, లైనింగ్ వచ్చాక ఎలాగూ కనబడదు.

ఇవేవీ పడకపోతే చేత్తో కుట్టండి. టీకోజీ ఎంతుంటుంది కనుక, రెండు సాయంత్రాల పని.

కింద దారం గూడు కట్టింది

కింద చిక్కు పడితే అందరూ కింది దారం చుట్టే బాబిన్‌నే తిడతారు. దోషం చాలావరకు పై దారానిది. ఫుట్ దించి ఉంచి దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగించే టెన్షన్ బిళ్ళల మధ్యకి దిగదు, వదులుగా కిందికి పోయి ఉండ కడుతుంది. ఫుట్ ఎత్తి, దారం మొత్తం తీసి మళ్ళీ ఎక్కించండి. మొదటి రెండు మూడు కుట్లకి రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకోండి.

కుట్లు వదిలేస్తుంటే, టక్‌టక్‌మని శబ్దం వస్తుంటే సూది మార్చండి. జాకెట్లు కుట్టే సన్న సూది ఈ మందానికి ఆగదు. 14 నంబరు, అంచుల దగ్గర 16.

గోపురం పైభాగం గతుకులుగా ఉంది

వంపు దగ్గర మార్జిన్ ఎక్కువై లోపల ముద్దకట్టింది. మార్జిన్‌లో ఉన్న దూదిని కుట్టు దాకా కత్తిరించేయండి. గుడ్డ మార్జిన్‌కి అర అంగుళానికొకటి చొప్పున చిన్న వి ఆకారపు గాట్లు పెట్టండి, కుట్టు తెగకుండా.

లైనింగ్ కిందికి జారుతోంది

పై తొడుగు, లైనింగ్ ఒకే కొలతకి కోశారు. లోపల ఉండేది బయటిదానికన్నా చిన్నగా ఉండాలి కదా. లైనింగ్ కుట్టేటప్పుడు పావుకి బదులు అర అంగుళం మార్జిన్ తీసుకోండి. తిప్పాక శిఖరం దగ్గర లోపలినుంచి రెండు కుట్లు వేసి దూదికి పట్టించండి.

అయినా టీ చల్లారిపోతోంది

టీకోజీ వేడి పుట్టించదు, ఉన్నదాన్ని పోనివ్వదు, అంతే. దూదిలో చిక్కుకున్న గాలే ఆ పని చేస్తుంది. గీతలు మరీ దగ్గరగా వేస్తే ఆ గాలి ఉండదు, రెండంగుళాల ఎడం మంచిది. పాలిస్టర్ దూది మీద బాగా వేడెక్కిన ఇస్త్రీ పెట్టినా అణిగిపోతుంది. తొడుగు అంచు టేబుల్‌కి ఆనకపోతే వేడి అక్కణ్ణుంచే పోతుంది, పాట్ కింద కూడా మందమైన గుడ్డ వేయండి. టీ పోసే ముందు పాట్‌ని వేణ్ణీళ్ళతో ఒకసారి కడిగి చూడండి. మా ఇంట్లో సగం ఫిర్యాదు దానితోనే తీరింది.

ఎర్ర ముక్క రంగు తెల్ల ముక్కకి అంటింది

ఆవిరికీ, ఒలికిన టీకీ ఇది తడవక మానదు. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందంటారు గానీ నేను నమ్ముకోను. కోయకముందే ప్రతి గుడ్డనీ విడిగా ఉతికి, తడి తెల్ల గుడ్డతో రుద్ది చూడండి. రంగు దిగితే ఆ ముక్కని పక్కన పెట్టేయండి, ఎంత ముచ్చటగా ఉన్నా. కాటన్ ముడుచుకునేది కూడా అప్పుడే ముడుచుకుంటుంది. అంటుకుపోయాక మాత్రం ఒకటే దారి: ఆరనివ్వకుండా వెంటనే చల్లనీళ్ళలో, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించడం. తర్వాత లోపలిది బయటికి తిప్పి నీడపట్టున ఆరేయండి. దూది లోపలిదాకా ఆరడానికి రెండు రోజులు పట్టొచ్చు.