హెల్వెల్లిన్ ఒక్కరోజు నడక: బయల్దేరే ముందే తేల్చుకోవలసినవి

ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లోని హెల్వెల్లిన్ కొండ ఎత్తు 950 మీటర్లు. అంకె చూసి తేలిగ్గా తీసుకోకండి. నడక మొదలయ్యే గ్లెన్‌రిడింగ్ ఊరు అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఉంది. అక్కణ్నుంచి సుమారు 800 మీటర్లు ఎక్కాలి. మధ్యలో స్ట్రైడింగ్ ఎడ్జ్ అనే సన్నటి రాతి గట్టు మీద చేతులకూ పని పడుతుంది.

ముందురోజు సాయంత్రం వాన కంటే గాలి సంగతి చూడండి. ఫోన్‌లోని మామూలు యాప్ ఊరి వాతావరణమే చెబుతుంది. బ్రిటన్ వాతావరణ సంస్థ మెట్ ఆఫీస్ ఇచ్చే కొండల సూచన విడిగా ఉంటుంది, అది చదవండి. శిఖరం మీద చలి కిందికంటే ఐదారు డిగ్రీలు ఎక్కువ. ఈదురుగాలి గంటకు 30 మైళ్లు దాటుతుందంటే గట్టు దారి మానుకోండి. కెప్పెల్ కోవ్ మీదుగా మెలికలు తిరుగుతూ పైకి వెళ్లే దారిలో రాళ్లు పట్టుకుని ఎక్కే పని లేదు. శిఖరం మాత్రం అదే.

సమయం లెక్కకు పాత సూత్రం ఒకటుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. గట్టు దారిలో వెళ్లి తిరిగి రావడానికి 13 కిలోమీటర్ల పైచిలుకు అనుకుంటే నాలుగు గంటలొస్తుంది. అది ఆగకుండా నడిచేవాళ్ల లెక్క. గట్టు మీద నెమ్మదిస్తారు, తినడానికి ఆగుతారు, గుంపులో ఒకరు వెనకబడతారు. అందుకే ఏడు గంటలు పెట్టుకోండి. డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది.

ఉదయం 8కి బయల్దేరి మైర్స్ బెక్ వాగు వెంట ఎక్కితే, పదింటికల్లా హోల్ ఇన్ ద వాల్ (గట్టుకు ముందొచ్చే రాతిగోడ దాటే చోటు) చేరాలి. పదకొండు దాటినా చేరకపోతే వెనక్కి తిరగడమే మంచిది. గట్టు మొదలయ్యాక మనసు మార్చుకోవడం కష్టం.

గట్టు పైకొస మీద నడవలేనివాళ్లకు దానికి కాస్త కింద, కుడివైపున కాలిబాట ఉంది. గట్టు చివర్లో రాతి చీలికలోంచి రెండు మూడు మీటర్లు కిందికి దిగాలి. అక్కడ రాయివైపు ముఖం పెట్టి, కాలు ఆనేచోటు చూసుకుని, ఒక్కొక్కరే దిగండి. తడి రాయి జారుతుంది.

దిగేటప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. శిఖరం మీద నేల చదునుగా ఉంటుంది, తూర్పు అంచు మాత్రం నిట్టనిలువు. పొగమంచు కమ్మితే, దిగడానికి వాడే రెండో గట్టు స్విరల్ ఎడ్జ్ ఎక్కడ మొదలవుతుందో కనబడదు. సర్వే స్తంభం దాటాక కొద్దిదూరంలోనే దిగుడు దారి ఉంటుంది. అక్కడ ఆగి దిక్సూచితో దిశ సరిచూసుకున్నాకే అడుగు వేయండి. ఆ గట్టు దిగితే రెడ్ టార్న్ చెరువు, అక్కణ్నుంచి వాగు వెంట గ్లెన్‌రిడింగ్. మంచు పేరుకున్న నెలల్లో రెండు గట్లకూ ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), క్రాంపాన్లు (బూట్లకు కట్టే ఇనుప ముళ్లు), వాటిని వాడటం వచ్చి ఉండటం తప్పనిసరి.

సంచిలో: ఆర్డ్నెన్స్ సర్వే ఓఎల్5 కాగితం మ్యాపు, దిక్సూచి (ఫోన్‌కు దూరంగా పట్టుకోండి, అయస్కాంతం సూదిని తిప్పేస్తుంది), తలకు కట్టుకునే టార్చి, విజిల్, వానకు తడవని కోటూ ప్యాంటూ, ఇంకో స్వెట్టరు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. చపాతీ చుట్టలు మేలు, చలికి చేతులు బిగుసుకున్నా తినొచ్చు.

ప్రమాదం జరిగితే 999కి ఫోన్ చేసి ముందు పోలీసులను, వాళ్ల ద్వారా మౌంటెన్ రెస్క్యూను (కొండల్లో కాపాడే బృందాన్ని) అడగాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట అదే నంబరుకు మెసేజ్ పనికొస్తుంది, కానీ ముందే ఇంటి దగ్గరే నమోదు చేసుకోవాలి. అదీ కుదరకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదండి. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి ఫోన్ చేస్తారో ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లండి. ఆ వేళకు ఫోన్ రాకపోతే ఎంతసేపు ఆగి 999కి చెప్పాలో కూడా అందులోనే రాయండి.