చేసిన పనుల పుస్తకం – 2వ పాఠం: ఒక్కో పనిని ఎలా రాయాలి

పోయిన పాఠంలో ఒక నోట్‌బుక్ తీసుకుని పేజీ పైన తేదీ వేయమన్నాను, చేయాల్సిన పనుల జాబితాను వారం పాటు పక్కన పెట్టమన్నాను. గడువున్న పనులు, అపాయింట్‌మెంట్లు మాత్రం క్యాలెండర్‌లోనే ఉండనివ్వండి. ఈరోజు ఒక్కటే నేర్చుకుందాం: అయిన పనిని ఎలా రాయాలో.

మొదటి రోజు చాలామంది ఇలా రాస్తారు: ‘రిపోర్ట్ పని చూశాను.’ వారం తర్వాత చదివితే ఇందులోంచి ఏమీ తెలియదు. అదే పనిని ఇలా రాసి చూడండి: ‘రిపోర్ట్ రెండో భాగం అయిపోయింది. నాలుగో పట్టికలో కూడిక తప్పు పడింది, సరిచేశాను. ముగింపు రాయాలి.’ ఏం అయింది, ఎంతవరకు అయింది, ఎక్కడ ఆగింది, మూడూ వచ్చేశాయి. రేపు కూర్చోగానే ఎక్కడ మొదలుపెట్టాలా అని తడుముకోవాల్సిన పని లేదు.

ఇక అసలు చిక్కు అనుకోని పనులతో. పొద్దున ఒకటి అనుకుంటాం, ఈలోగా తోటి ఉద్యోగి ఫైల్ తెరుచుకోవడం లేదని వస్తారు, గంట పోతుంది. జాబితాలో ఆ గంటకు చోటే లేదు, కాబట్టి సాయంత్రానికి ‘ఈరోజు ఏమీ చేయలేదు’ అనిపిస్తుంది. ఈ పుస్తకంలో ఆ గంటకు పూర్తి హక్కు ఉంది: ‘పాడైన ఫైల్ బాగుచేసి ఇచ్చాను, పాత కాపీ ఎక్కడుంటుందో చూపించాను.’ పిల్లవాడికి జ్వరమొస్తే పక్కన కూర్చోవడం, వాయిదా వేస్తూ వచ్చిన కష్టమైన ఫోన్ చేసేయడం, కుదరదని ఒకరికి మర్యాదగా చెప్పడం కూడా రాయాల్సినవే. ఇలాంటివి రాయడానికి మొహమాటపడకండి. నన్నడిగితే ఈ పుస్తకం విలువంతా ఇక్కడే ఉంది.

జాబితా మిగిలిపోతే మనదే బద్ధకం అనుకుంటాం. 1994లో మనస్తత్వవేత్త రోజర్ బ్యూలర్ బృందం విద్యార్థులను థీసిస్ ఎన్ని రోజుల్లో అవుతుందని అడిగితే, వాళ్ల అంచనాల సగటు దాదాపు 34 రోజులు. నిజానికి పట్టింది 55 దాటింది. అంచనా తక్కువ వేసుకోవడం అంత మామూలు విషయం. మరోవైపు పరిశోధకులు తెరెసా అమాబిలే, స్టీవెన్ క్రేమర్ 238 మంది ఉద్యోగులు రోజూ రాసిన డైరీలు, దాదాపు 12,000 ఎంట్రీలు, పరిశీలించారు. విలువుందనుకున్న పని కాస్త ముందుకు కదిలిన రోజుల్లోనే వాళ్ల ఉత్సాహం ఎక్కువగా కనిపించింది. ఆ కదలిక చిన్నదైనా సరే. రాసుకోకపోతే అంత చిన్నది మన కంటపడదు.

ఎప్పుడు రాయాలి? పని అయిన వెంటనే. రాత్రికి వాయిదా వేస్తే సగం మర్చిపోతాం, గుర్తున్నవాటిలోనూ టెన్షన్ పెట్టినవే ముందుకొస్తాయి. మరీ కుదరకపోతే భోజనానికి ముందు ఒకసారి, పని ముగించేటప్పుడు ఒకసారి రాయండి.

ఒంట్లో బాగాలేని రోజు ‘విశ్రాంతి తీసుకున్నాను’ అని రాస్తే చాలు, పేజీ నింపడానికి తంటాలు పడొద్దు.

ఈ వారం అభ్యాసం: రోజూ కనీసం ఒక అనుకోని పనిని రాయండి. ‘చూశాను’, ‘కొంచెం చేశాను’ అని రాసిన చోటల్లా గీత గీసి, ఎంతవరకు అయిందో పక్కన చేర్చండి. వచ్చే పాఠంలో ఈ ఏడు పేజీలను ముందు పెట్టుకుని, మీ సమయం నిజంగా ఎటు పోతోందో లెక్క తీద్దాం.