పడుకొని ఒకసారి, నిలబడి రెండుసార్లు: ఇంట్లో బీపీ చూసుకునే పద్ధతి

అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్లాలని సంకల్పించిన పెద్దవారు, ముఖ్యంగా బీపీ మాత్రలు వాడేవారు, కూర్చొని తీయించుకున్న ఒక్క కొలతతో నిశ్చింత పడకూడదు. మంచం దిగినప్పుడు గానీ, తిరుమల క్యూలైనులో చాలాసేపు నిలబడినప్పుడు గానీ రక్తపోటు నిలుస్తుందో లేదో ఆ ఒక్క కొలత చెప్పదు.

మనం లేచి నిలబడగానే దాదాపు అర లీటరు రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగిపోతుంది. దాంతో మెడలోని కెరోటిడ్ ధమనుల గోడలు, బృహద్ధమని వంపు గోడలు సాగడం తగ్గుతుంది. అక్కడి నాడుల కొనలు దానిని పసిగట్టి, తొమ్మిదో, పదో కపాల నాడుల ద్వారా మెదడు కాండంలోని మెడుల్లాకు తెలియజేస్తాయి. మెడుల్లా వెంటనే వేగస్ నాడి గుండెకు వేసిన పగ్గాన్ని సడలించి గుండె వేగాన్ని పెంచి, సింపథెటిక్ నాడులతో రక్తనాళాలను బిగింపజేస్తుంది. మొదటిది దాదాపు తక్షణమే జరుగుతుంది, రెండోదానికి కొన్ని సెకన్లు కావాలి. గభాలున లేచినప్పుడు ఆరోగ్యవంతులకు సైతం క్షణకాలం కళ్లు బైర్లు కమ్మేది అందుకే.

పరీక్షకు బీపీ మిషన్ చాలు, కానీ పక్కన మరొకరు తప్పక ఉండాలి. జబ్బకు పట్టీ చుట్టుకొని ఐదు నిమిషాలు కదలకుండా పడుకొని, పై అంకె, కింది అంకె, పల్స్ మూడూ రాసుకోవాలి. తరువాత లేచి నిలబడి, చేతిని గుండె ఎత్తున ఆనించి, మొదటి నిమిషంలోనూ మూడో నిమిషంలోనూ మళ్లీ కొలవాలి. తల తిరిగితే వెంటనే కూర్చోవాలి.

నిలబడ్డాక పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ, అంతకు మించి గానీ తగ్గితే ఆ కాగితాన్ని డాక్టరుకు చూపాలి. చాలామంది రాయడం మరిచే పల్స్ ఇక్కడ ఎంతో విలువైనది. రక్తపోటు పడిపోయినా పల్స్ అంతగా పెరగకపోతే, దీర్ఘకాల మధుమేహం వల్లనో, పార్కిన్సన్స్ వ్యాధి వల్లనో నాడులు దెబ్బతిన్నాయేమో చూడాలి. బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్ మాత్రలు కూడా పల్స్‌ను పెరగనివ్వవు. పల్స్ బాగా పెరిగితే ఎండకో, విరేచనాలకో ఒంట్లో నీరు తగ్గి ఉండవచ్చు. ఏదేమైనా మాత్రలను సొంతంగా ఆపవద్దు.

ఈలోగా, మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చున్నాకే లేవాలి. క్యూలో కళ్లు తిరుగుతున్నట్లనిపిస్తే కాళ్లు ఒకదానిపై ఒకటి మెలివేసి, తొడలను, పిక్కలను బిగించాలి. అప్పుడు కాళ్లలోని రక్తం గుండెవైపు కదులుతుంది. అప్పటికీ తగ్గకపోతే మొహమాటపడకుండా అక్కడే కూర్చోవాలి. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా కొలతలతో కాలయాపన చేయక 108కు ఫోన్ చేయాలి.