పెద్దవాళ్లకు డ్రోన్ ఆర్డర్ అలవాటు చేయడం ఎలా?

అమెరికాలోని ఫ్రిస్కోలో మా ఇంటికొచ్చిన అత్తయ్యకు, ఆర్డర్ చేసిన తిండి తెచ్చే డ్రోన్ బాగానే నచ్చింది. తినే వస్తువును నేల మీద దించడానికి మాత్రం మనసొప్పలేదు. మీ పెద్దవాళ్లూ అలాగే అంటే వాదించకండి, అది మన పద్ధతి. వింగ్ అనే డెలివరీ కంపెనీ డ్రోన్ సుమారు 7 మీటర్ల ఎత్తున ఆగి, తాడుతో డబ్బాను దించుతుంది. అందుకే యాప్‌లో చెట్లూ తీగలూ లేని శుభ్రమైన చోటు ఎంచుకోండి. తాడు పూర్తిగా పైకి వెళ్లేదాకా ఎవరూ దగ్గరికి పోకూడదు. డబ్బాను గుమ్మం బయటే విప్పి, లోపలి పొట్లాన్ని మాత్రం తెచ్చి కంచంలో వడ్డించండి. మా అత్తయ్య అలా అయితేనే తిన్నారు.

ఇరుగుపొరుగునూ పట్టించుకోండి. ఆస్ట్రేలియాలోని బోనిథన్‌లో 2018లో వింగ్ డ్రోన్ల ట్రయల్ జరిగినప్పుడు మోత భరించలేక చాలామంది ఫిర్యాదు చేశారు. పక్కింట్లో పసిపిల్లలుంటే నిద్రవేళ అడిగి ఆర్డర్ పెట్టండి.