కీళ్లవాతం ఉన్నవాళ్లు పనిని గడియారంతో కొలుచుకోవడం ఎలా

రుమటాయిడ్ కీళ్లవాతంలో జాగ్రత్తగా ఉండాల్సింది బాగున్న రోజునే. ఆరోజు లేస్తూనే వేళ్లు వంగుతాయి, వారంగా పేరుకున్న పనంతా గుర్తొస్తుంది. దుప్పట్లు ఉతకడం, బీరువా సర్దడం, కొబ్బరి తురమడం, అన్నీ ఒక్క పూటలోనే. మర్నాడు మణికట్టు వాచి మంచమెక్కుతారు. రెండ్రోజులు పడుకున్నాక “నావల్ల ఇంకేమీ కాదు” అన్న దిగులు పట్టుకుంటుంది. ధైర్యం చెప్పుకుంటే ఇది ఆగదు.

ఒక పని ఎంచుకోండి, కూరలు తరగడం అనుకుందాం. నొప్పి పెరగడం మొదలయ్యేసరికి ఎన్ని నిమిషాలైందో మూడు రోజులు రాయండి. 20, 30, 25 వస్తే సగటు 25. అందులో ఐదో వంతు తీసేస్తే 20. ఇక 20 నిమిషాలకు అలారం పెట్టుకుని, మోగగానే కత్తి కింద పెట్టేయాలి, రెండు వంకాయలే మిగిలినా సరే. తర్వాత 10 నిమిషాలు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. బొటనవేలితో ఫోన్ జరుపుతూ కూర్చుంటే అది విశ్రాంతి కాదు! వారమంతా నిలకడగా సాగితే 2 నిమిషాలు పెంచండి.

బాగోలేని రోజు సగం చేయండి, మొత్తం మానేస్తే కండ సన్నబడి కీలు మీద భారం పెరుగుతుంది. వేడిగా వాచిన కీలుకు మాత్రం పని చెప్పొద్దు. ఎక్కువ పని వల్ల వచ్చిన నొప్పి మామూలుగా ఒకట్రెండు రోజుల్లో దిగుతుంది. దిగకపోయినా, కొత్త కీళ్లు వాచినా డాక్టరుకు చూపించాలి.

ఇంట్లోవాళ్లతో “బాలేదు” అంటే “పైకి బానే ఉన్నావుగా” అంటారు. అంకె చెప్పండి: “ఇవాళ నొప్పి పదికి ఆరు. కుక్కర్ మూత నువ్వు తియ్యి, పోపు నేను వేస్తా.” ఏం చేయాలో వాళ్లకు తెలుస్తుంది, మీకూ అడుక్కున్నట్టుండదు.

ఈ జబ్బుకు డాక్టర్లు రాసే మెథోట్రెక్సేట్ అనే మందు పనిచేయడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. మూడో వారంలో విసిగి మానేయొద్దు. అది వారానికి ఒక్కరోజే వేసుకునే మందు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. క్యాలెండర్‌లో ఆ రోజుకు సున్నా చుట్టండి.

రెండు వారాలుగా దిగులు వదలకపోతే, ఇష్టమైన పనులూ రుచించకపోతే డాక్టరుకు నొప్పితోపాటు అదీ చెప్పండి. చచ్చిపోవాలనిపిస్తే రెండు వారాలు చూడొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలయినా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.