ముట్లు ఆగే వయసులో ఒంటి ఆవిర్లు తగ్గాలంటే

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతేనే మెనోపాజ్ అంటారు. మన దేశంలో సగటున 46–47 ఏళ్లకు వస్తుంది.

ఒక్కసారిగా ఒంట్లోంచి ఎగదన్నే ఆవిరి సాధారణంగా 1–5 నిమిషాలుంటుంది. ఎప్పుడొచ్చింది, అంతకుముందు ఏం తిన్నారో, తాగారో రెండు వారాలు రాసిపెట్టండి. సాయంత్రం ఇరానీ చాయ్, రాత్రి ఘాటు బిర్యానీ దగ్గరే గుర్తులు పడితే వాటినే తగ్గించండి, అన్నీ మానేయక్కర్లేదు. హైదరాబాద్ ఎండల్లో కూలర్ పెడితే కిటికీ తెరిచి ఉంచండి, లేదంటే తేమ పేరుకుని ఉక్క ఇంకా పెరుగుతుంది.

నిద్ర కూడా చెడిపోతుంటే ఓర్చుకోవడం అనవసరం. ఆవిర్లకు అన్నిటికన్నా బాగా పనిచేసేది హార్మోన్ చికిత్సే. 60 ఏళ్లలోపు, లేదా ముట్లు ఆగిన 10 ఏళ్లలోపు మొదలుపెడితే లాభం ఎక్కువ. గర్భసంచి ఉన్నవాళ్లు ఈ చికిత్సలో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ మాత్రలు ఒక్కటే వాడకూడదు. లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీయొచ్చు. ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోన్ జతగా ఉండాలి. ఆపరేషన్‌లో గర్భసంచి తీసేసిన వాళ్లకు సాధారణంగా ఆ జత అక్కర్లేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, రక్తం గడ్డలు కట్టినవాళ్లు డాక్టర్ని హార్మోన్ లేని మందులు అడగాలి.

ఈ వయసులో ఎముకల కోసం కాల్షియం రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలి: పాలు, పెరుగు, రాగి జావ.

ముట్లు ఆగాక చుక్క రక్తం కనిపించినా వెంటనే గైనకాలజిస్ట్‌కు చూపించండి.