విడిపోయాక బండి, అప్పు తిరిగి రావడం లేదా? ఎక్కడ ఆగిందో ముందు చూసుకోండి

విడిపోయిన నాలుగు నెలలకి నా ఫోన్‌కి చలానా మెసేజ్ వచ్చింది. తెరిస్తే దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర వెనక నుంచి తీసిన ఫొటో. బండి నాది, సీటు మీద నేను కుట్టించిన నీలం కవరు, నడిపేది నా ఎక్స్, తలకి హెల్మెట్ లేదు, జరిమానా మాత్రం నా పేరు మీద. వెంటనే ఫోన్ చేసి అరగంట తిట్టాను. అప్పటిదాకా వాట్సాప్‌లో "ఇస్తాలే, వచ్చే నెల చూద్దాం" అంటున్నవాడు ఆ రోజే నన్ను బ్లాక్ చేశాడు. అలా కాకుండా ఆ మెసేజ్‌లు వస్తున్నప్పుడే బండి, నా దగ్గర తీసుకున్న అప్పు రెండూ ఒప్పుకున్నట్టు రాతలో తీసుకుని ఉంటే నాకు కనీసం ఆరు నెలలు కలిసొచ్చేది. మీ ఎక్స్ ఇంకా మాట్లాడుతుంటే గొడవ పక్కన పెట్టి ముందు ఆ పని చేయండి.

బండి నా పేరు మీదే ఉంది, అడిగితే ఇవ్వడం లేదు, స్టేషన్‌కి వెళ్తే "ఇది సివిల్ మేటర్ అమ్మా" అంటున్నారు

స్టేషన్‌లో అలా అనడానికి ఒక కారణం ఉంది. తాళం మీరే ఇష్టపూర్వకంగా ఇచ్చారు కాబట్టి అది దొంగతనం కాదు. కోపంలో "బండి పోయింది" అని రాసిచ్చారంటే, తర్వాత మీరే ఇచ్చినట్టు చాట్‌లో బయటపడి తప్పుడు ఫిర్యాదు కింద మీరే ఇరుక్కుంటారు. మీరు చూపించాల్సింది వేరు: వాడుకోమని నమ్మి ఇచ్చాను, ఫలానా తేదీన తిరిగి అడిగాను, ఇవ్వకుండా ఉంచుకున్నారు. ఇది నమ్మకద్రోహం, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 316.

కాబట్టి మొదట ఒక మెసేజ్ పెట్టండి. తిట్లు, పాత సంగతులు ఏమీ వద్దు, ఇంతే: "నా పేరు మీద ఉన్న ఫలానా నెంబరు బండి నువ్వు వాడుకోవడానికి ఇచ్చాను. 20వ తేదీ సాయంత్రం ఆరులోపు తాళాలు, ఆర్సీతో సహా మా ఇంటి దగ్గర అప్పగించు." ఆ తేదీ దాటితే అదే విషయం లాయర్ నోటీసుగా, అందినట్టు రుజువు ఉండేలా స్పీడ్ పోస్టులో పంపించండి. సరైన అడ్రసుకి వెళ్లిన నోటీసుని తీసుకోకుండా తిప్పి పంపినా మామూలుగా అందినట్టే లెక్క, ఆ కవరు చింపకుండా అలాగే దాచండి. ఆ తర్వాత స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు. అక్కడ తీసుకోకపోతే ఎస్పీకి, కమిషనరేట్ ఉన్నచోట డీసీపీకి పోస్టులో పంపాలి, అప్పుడూ కదలకపోతే లాయర్ ద్వారా మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్లాలి. పోలీసులు బండిని స్వాధీనం చేసుకుంటే అది నేరుగా మీ చేతికి రాదు, కోర్టులో తాత్కాలిక కస్టడీకి పిటిషన్ వేసి ఆర్సీ, ఇన్సూరెన్స్ చూపించి, బాండ్ రాసిచ్చి తెచ్చుకోవాలి. చాలామందికి ఈ మెట్టు తెలియక బండి స్టేషన్ ఆవరణలో ఎండకి ఎండి వానకి తడుస్తూ ఉండిపోతుంది.

స్పేర్ తాళం ఉంది కదా, నేనే వెళ్లి తెచ్చుకోవచ్చా అని అందరూ అడుగుతారు. బండి రోడ్డు మీద ఉండి, ఆర్సీ మీ పేరున ఉండి, అవతలివాళ్లకి బండి మీద ఏ బాకీ లేకపోతే, ఇద్దరు తెలిసినవాళ్లని తీసుకెళ్లి తెచ్చుకుని, వెంటనే స్టేషన్‌లో రాతపూర్వకంగా తెలియజేయండి. ఇంటి గేటు లోపల, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటే మాత్రం అడుగు పెట్టొద్దు. బండిని ఎప్పుడైనా వాళ్ల దగ్గర తాకట్టు పెట్టి డబ్బు తీసుకుని ఉంటే అసలు ముట్టుకోకండి. తాకట్టు పెట్టిన తన గడియారాన్నే బాకీ తీర్చకుండా, చెప్పకుండా తీసుకెళ్తే సొంతదారు చేసింది కూడా దొంగతనమే అని చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు.

బండి ఎక్కడుందో తెలియడం లేదు

బండి నెంబరుతో ఈ-చలానా సైట్‌లో వెతికితే తేదీ, సమయం, చోటుతో సహా వస్తుంది. కారైతే ఫాస్టాగ్ మీ నెంబరుకి ఉంటే టోల్ దాటిన ప్రతిసారీ ప్లాజా పేరుతో మెసేజ్ వస్తుంది. కోపంలో ఆ ట్యాగ్‌ని మూసేయకండి, ఆ మెసేజ్‌లే మీకు దారి చూపిస్తాయి. అన్నీ స్క్రీన్‌షాట్ తీసి తేదీల వారీగా పెట్టుకోండి, బండి ఇంకా వాళ్లే నడుపుతున్నారనడానికి అవే రుజువు.

బండి రాలేదు, కానీ టెన్షన్ అంతా నాకే

ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనరు. బండి అమ్మేసినా ఆర్సీ మార్చకపోతే ప్రమాద నష్టపరిహారం పాత ఓనరు మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే "వాడు తిరుగుతున్నాడు, నేనెందుకు కట్టాలి" అని ఇన్సూరెన్స్ ఆపేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. కనీసం థర్డ్ పార్టీ పాలసీ నడుస్తూ ఉండాలి. వాళ్లకి లైసెన్స్ లేదని మీకు తెలిస్తే, నడపొద్దని రాతలో చెప్పిన మెసేజ్ కూడా ఒకటి ఉండాలి, ఎందుకంటే అలాంటి ప్రమాదంలో కంపెనీ ముందు కట్టినా తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు.

డబ్బు పెట్టింది నేను, ఆర్సీ వాళ్ల పేరు మీద ఉంది

ఇక్కడ బండి కోసం కొట్లాడితే టైమ్ వృథా. మీరు అడగాల్సింది డబ్బు. డౌన్ పేమెంట్, వాయిదాలు మీ అకౌంట్ నుంచి వెళ్లిన స్టేట్‌మెంట్ తీసుకుని కింద చెప్పిన అప్పు దారిలో వెళ్లండి.

అప్పిచ్చాను, కాగితం లేదు, "అది గిఫ్ట్ కదా" అంటున్నారు

నాకు ఎక్కువమంది రాసేది ఈ సమస్యే. బ్యాంకు స్టేట్‌మెంట్ డబ్బు వెళ్లిందని చెబుతుంది గానీ అప్పుగా వెళ్లిందని చెప్పదు, ఆ ఖాళీలోనే "ప్రేమతో ఇచ్చింది" అనే మాట దూరుతుంది. దాన్ని మూసేది వాళ్ల నోటి మాటే. ఇంకా మాట్లాడుకుంటున్నారంటే ఇలా అడగండి: "మార్చి 12న నీ అకౌంట్‌కి పంపిన 80 వేల అప్పులో 15 వేలు ఇచ్చావు, మిగతా 65 వేలు ఎప్పుడిస్తావు?" జవాబుగా "కాస్త టైమ్ ఇవ్వు" అని వచ్చినా చాలు, అప్పు లేదని అనలేదు కదా. ఆ చాట్ ఉన్న ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి, ఎందుకంటే కోర్టులో స్క్రీన్‌షాట్ ఒక్కటే నిలబడదు, ఆ చాట్ అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్‌ని భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద జతచేయాలి.

ఇంకో మాట. కలిసి తిరిగినప్పటి హోటల్ బిల్లులు, పుట్టినరోజుకి కొనిచ్చిన ఫోను లెక్కలో కలపొద్దు. మనసుకి బాధగానే ఉంటుంది, నాకు తెలుసు, కానీ అవి కలిపితే నిజంగా ఇచ్చిన అప్పు కూడా అలక లెక్కలా కనిపిస్తుంది.

దావా వేయడానికి గడువు మూడేళ్లు. మామూలు చేబదులుకి ఇచ్చిన తేదీ నుంచి, అడిగినప్పుడు తీరుస్తానని రాసిచ్చిన ప్రోనోటుకి నోటు తేదీ నుంచి. అది దాటితే కాలదోషం పట్టినట్టే. మూడేళ్లు నిండకముందే కొంత కట్టించుకుని నోటు వెనక తేదీతో చెల్లు రాయించి సంతకం పెట్టిస్తే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. వాట్సాప్ మాట అప్పు ఉందనడానికి పనికొస్తుంది, గడువు పొడిగించడానికి మాత్రం సంతకం ఉన్న కాగితాన్నే నమ్ముకోండి.

ప్రోనోటు ఉంది, అయినా లాయర్ పెదవి విరిచాడు

స్టాంపు చూశారా? రెవెన్యూ స్టాంపు లేకుండా రాసిన ప్రోనోటుని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, మిగతా చాలా కాగితాల్లా తర్వాత పెనాల్టీ కట్టి సరిచేసుకునే వీలు కూడా దీనికి లేదు. అలాంటప్పుడు అవతలివాళ్లు ఒప్పుకుంటే కొత్త నోటు రాయించుకోవడం, లేదంటే బ్యాంకు ట్రాన్స్‌ఫర్, చాట్‌ల మీద అసలు అప్పుకే దావా వేయడం కుదురుతుందేమో అడగండి.

చెక్కిచ్చారు, బౌన్స్ అయింది

ఇక్కడ అంతా తేదీలే. చెక్కు మీదున్న తేదీ నుంచి 3 నెలల్లో బ్యాంకులో వేయాలి, బౌన్స్ అయినట్టు బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, నోటీసు అందాక 15 రోజులు వాళ్లకి టైమ్, అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద చెక్కు బౌన్స్ కేసు వేయాలి. "మళ్లీ వేయి, ఈసారి పాస్ అవుతుంది" అంటూ ఈ రోజులన్నీ తినేస్తారు, జాగ్రత్త.

లోన్ నా పేరు మీద, వాడుకున్నది వాళ్లు

బ్యాంకుకి మీ ఇద్దరి మధ్య ఏం జరిగిందో అనవసరం. ఈఎంఐ ఆపితే సిబిల్ పాడయ్యేది మీది. గుండె మండినా కట్టండి, కట్టిన ప్రతి వాయిదా రుజువు దాచండి, మొత్తం వాళ్ల మీద దావా వేయండి. మీరు జామీను మాత్రమే ఉండి కట్టాల్సి వస్తే, కట్టినంతా అసలు అప్పుదారు దగ్గర రాబట్టుకునే హక్కు కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 145 ఇస్తుంది.

డబ్బు అడిగితే ఫొటోలు బయటపెడతా అంటున్నారు

అప్పు సంగతి ఆపి ముందు దీని మీద ఫిర్యాదు చేయండి. ఆ బెదిరింపు మెసేజ్ డిలీట్ చేయకుండా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ, తెలంగాణలో మహిళల కోసం ఉన్న పోలీసు బృందాలు షీ టీమ్స్‌కి గానీ ఇవ్వండి. భయపడి డబ్బు వదులుకున్నవాళ్లని అక్కడితో వదిలేయరు, ఈసారి వాళ్లే డబ్బు అడుగుతారు. మీరు కూడా కోపంలో అలాంటి మాట ఒక్కటీ రాయొద్దు.

పెళ్లి అయిన జంటైతే

ఆస్తి తగాదా ఫ్యామిలీ కోర్టుకి వెళ్తుంది. పుట్టింటివాళ్లు అమ్మాయికి కొనిచ్చిన బండి స్త్రీధనమే, గృహహింస చట్టం కింద తిరిగి ఇప్పించమని అడగొచ్చు.

కోర్టు ఖర్చుకి భయపడి ఆగిపోయాను

జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, హెల్ప్‌లైన్ 15100. కేసు వేయకముందే అక్కడ అర్జీ ఇవ్వొచ్చు, కోర్టు ఫీజు లేదు, మహిళలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయర్‌ని ఇస్తారు. ఆ సంస్థ నడిపే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, మాట తప్పితే నేరుగా అమలు పిటిషన్ వేయొచ్చు. ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీలో ఒప్పుకున్న మాటకి ఆ బలం లేదు.

నాకు పని జరిగింది ఆ న్యాయ సేవాధికార సంస్థలోనే. నోటీసు వెళ్లాక రెండో వాయిదాకి వాళ్ల బావగారిని వెంటబెట్టుకుని వచ్చాడు, తాళం బల్ల మీద పెట్టాడు, మిగిలిన 65 వేలు మూడు విడతల్లో ఇస్తానని రాసి సంతకం చేశాడు. బండి తీసుకునేటప్పుడు మీటర్ రీడింగ్, నాలుగు వైపులా గీతలు ఫొటో తీసుకుని, అప్పగించిన తేదీ, సమయం కాగితం మీద రాయించుకున్నాను. అంతకు ముందు రోజు దాకా పడిన చలానాలు ఎవరు కట్టాలో కూడా అందులోనే రాయించండి, నేను మర్చిపోయి రెండు వేల పైనే కట్టుకున్నాను. ఇచ్చిన తాళానికి డూప్లికేట్ ఇంకొకటి వాళ్ల దగ్గర ఉండొచ్చు, అదే వారం లాక్ సెట్టు మార్పించేయండి.